గాలికి గోనె పరదాలు

ఆ ఏడు మంచు యాభై ఎనిమిది రోజులు కురిసింది. అంత కచ్చితంగా ఎలా చెబుతున్నానంటే, మొదటి వారం పోను, మిగతా రోజులన్నీ గేటు దగ్గరి పుస్తకంలో పొద్దున్నే మొదటి గడిలో నేనే రాశాను: మంచు. రెండో గడిలో వచ్చిన మనిషి. మూడో గడిలో ఎక్కడినుంచి. నాలుగో గడిలో నా సంతకం. నాకు పెళ్ళయి అప్పటికి నలభై రోజులు. కొత్త ఇంటిపేరుతో సంతకం చెయ్యడం ఆ పుస్తకంలోనే చేతికి అలవాటైంది.

మా అత్తవారికి పద్దెనిమిది పాడావులు. ఇంటి వెనక కొట్టం, కొట్టం వెనక గడ్డి మడులు, మడుల చివర మోటారు గది. ఇంటి ముందు గేటు, గేటు దాటితే రోడ్డు, రోడ్డు దాటితే కాలవగట్టు. ఆ కాలమంతా మా లోకం ఇంతే. అందులోనూ ఒకసారికి పది అడుగులే కనబడేది.

మంచు మొదలైన వారానికి పశువుల డాక్టరమ్మ వచ్చింది. లోపలికి రాలేదు. గేటు బయటే నిలబడి మామయ్యను పిలిచింది.

"కాలవ అవతల మూడు కొట్టాల్లో గాలికుంటు దిగిందండి. నోట్లో పుళ్ళు, గిట్టల మధ్య పుళ్ళు. మీ వాటికి టీకా మొదటిదే పడింది. రెండోదానికి ఇంకా టైముంది. ఒక్కదానికి తగిలిందంటే కొట్టమంతా పడుకుంటుంది. బయటివాళ్ళని లోపలికి రానివ్వకండి, మీరు బయటికి పోకండి."

"గాలికుంటు గేటేస్తే ఆగుతుందా డాక్టరమ్మా?" అన్నాడు మామయ్య. "పేరులోనే గాలుంది. మా తాతలు ఊరికే పెట్టారా?"

"గాలికీ వస్తుంది, కాదనను. కానీ గాలికంటే ముందు మనిషొస్తాడు. మీ తాతగార్లు పైకి చూసి పేరు పెట్టారు. చెప్పుల కింద చూసుంటే ఇంకో పేరు పెట్టుండేవాళ్ళు."

మామయ్య నవ్వాడు గానీ ఒప్పుకోలేదు. ఇద్దరి మాటా విందామనుకున్నాడు. డాక్టరమ్మ చెప్పిందని గేటు దగ్గర సిమెంటు తొట్టి పెట్టించి, పది లీటర్ల నీళ్ళకు నాలుగు వందల గ్రాముల చొప్పున బట్టల సోడా కలిపించాడు. ఎవరు వచ్చినా అందులో కాళ్ళు తడిపి రావాలి. తాతలు చెప్పారని కొట్టానికి పడమటి పక్క గాలికి అడ్డంగా పరదాలు కట్టాలన్నాడు.

గేటు దగ్గర ఎవరుండాలన్నది అత్తయ్య తేల్చింది.

"ఈయన్ని పెడితే బయట ఎవరూ మిగలరు. 'రా బావా, రా తమ్ముడూ' అని పిలిచి మరీ కూర్చోబెడతాడు. నేనుంటే మాటకి మాట పెరుగుతుంది. ఈ పిల్లని పెట్టండి. ఆస్పత్రి కిటికీ దగ్గర రెండేళ్ళు చీటీలు రాసింది. ఎంతటివాణ్ణయినా వరసలో నిలబెట్టిన పిల్ల."

ఆస్పత్రిలో చీటీ రాసేముందు మేమడిగే మొదటి మాట 'ఎక్కడినుంచి?' గేటు దగ్గరా అదే అడిగాను, అదే గొంతుతో. కొత్త కోడలి గొంతు నాకు అప్పటికింకా రాలేదు.

మొదట ఆపింది మా ఆయన్నే. ఆయన పాల వ్యాను నడుపుతాడు. రోజుకు ఇరవై ఆరు కొట్టాల ముందు ఆగే మనిషి ఇంటికొస్తే, ఆ ఇరవై ఆరూ వెంట వస్తాయని డాక్టరమ్మ చెప్పింది. ఆయన పాలకేంద్రం పక్క గదిలోకి మారాడు. పొద్దున్నే నేను పాల క్యాన్లు గేటు బయట అరుగు మీద పెట్టి, లోపలికొచ్చి గొళ్ళెం వేసుకుంటాను. అప్పుడాయన వ్యాను దిగి వచ్చి ఎత్తుకుంటాడు. మనిషి కనబడడు. వ్యాను దీపాలు రెండు మంచులో పసుపు మరకల్లా కనబడతాయి, వాటి పక్కనుంచి మాటొస్తుంది.

"బాగున్నావా?"

"ఎక్కడినుంచి?"

"కట్టుకున్నది అడగాల్సిన మాటేనా అది?"

"పుస్తకంలో గడి ఉందండీ."

"ఇరవై ఆరు ఇళ్ళనుంచి. రాసుకో. ఇరవై ఆరిళ్ళలో ఒక్కరూ టీ తాగమనలేదని కూడా రాసుకో."

"దానికి గడి లేదు."

నవ్వు వినబడింది. తర్వాత క్యాన్ల చప్పుడు. తర్వాత హారను రెండుసార్లు. అది 'వెళ్ళొస్తా' అనడం. పెళ్ళయిన నలభై రోజుల్లో ఆయన ముఖం నాకు సరిగ్గా అలవాటు కాలేదు. ఆ చలికాలంలో గొంతు అలవాటైంది.

పరదాలకు గోతాలు కావాలి. దాణా కొట్టుకు మామయ్య కబురు పెడితే బండివాడు ఖాళీ గోతాలు అరవై తెచ్చాడు. బండివాడి చేత తొట్టిలో కాళ్ళు తడిపించాను. బండి చక్రాల మీద సోడా నీళ్ళు పోయించాను. 'ఎక్కడినుంచి?' అని అడిగాను. 'బజారునుంచి' అన్నాడు. రాసుకున్నాను. గోతాలు మనుషులు కావు గనుక వాటి సంగతి అడగలేదు. పుస్తకంలో రెండో గడికి నేను పెట్టిన పేరే 'మనిషి'.

నేనూ అత్తయ్యా రెండు మధ్యాహ్నాలు అరుగు మీద కూర్చుని దబ్బనాలతో గోతాలు కుట్టాం. పాత గోతాలు. కొన్నిటికి చిరుగులు ఎవరో అంతకుముందే కుట్టి ఉన్నారు. ఒక గోతం దగ్గర అత్తయ్య చెయ్యి ఆగింది. దాని మూలన జానెడు చిరుగు, ఎర్ర దారంతో గొలుసుకుట్టు. అత్తయ్య ఆ కుట్టు మీద బొటనవేలు ఒకసారి నడిపి, ఆ గోతాన్ని పక్కన పెట్టింది. పారేస్తుందనుకున్నాను. మళ్ళీ తీసి, పరదా మధ్యలో కలిపి కుట్టింది.

పరదా పైకెత్తి కట్టాక కొట్టం లోపలి వెలుతురు టీ రంగుకు మారింది. గాలి వచ్చినప్పుడు గోతాలన్నీ ఒక్కసారి లోపలికి ఉబ్బేవి, పోయినప్పుడు బయటికి. పద్దెనిమిది ఆవులూ ఊపిరి తీస్తుంటే వాటితోపాటు గోడ కూడా తీస్తున్నట్టు ఉండేది. పాలు పితుకుతూ దానివైపు చూస్తే నిద్రొచ్చేది. మధ్యలో కట్టిన ఆవుకు ఒక కొమ్ము విరిగింది. ఒంటికొమ్ము అని పిలిచేవాళ్ళం. అది మెడ చాచి పరదా నాకుతూ ఉండేది. గోతాలకు దాణా ఉప్పు అంటుకుని ఉంటుంది, దానికోసం.

"ఇక గాలి రాదు," అన్నాడు మామయ్య పరదా ముందు నిలబడి, చేతులు దులుపుకుంటూ.

"గాలి రాదు సరే, మీరు పోకుండా ఉండండి చాలు," అంది అత్తయ్య.

ఆయన పోయే చోటు ఒకటే ఉంది. అక్కడికే ఆరేళ్ళుగా పోవడం లేదు. కాలవ అవతల మామయ్య సొంత చెల్లెలుంది. తొమ్మిది ఆవులు, ఒంటరి మనిషి. పంచుకున్న పొలం మధ్య కంచె మూరెడు ఇటు జరిగిందా అటు జరిగిందా అన్న దగ్గర మాట తెగింది. అప్పటినుంచి ఈ ఇంట్లో ఆవిడకు పేరు పోయి 'అవతలావిడ' మిగిలింది. గాలికుంటు దిగిన మూడు కొట్టాల్లో ఆవిడది ఒకటి. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ ఎత్తలేదు.

పరదాలు కట్టిన ఆరో రోజు తెల్లవారాక గేటుకు వెళ్ళేసరికి గొళ్ళెం తీసి ఉంది. కొట్టంలో మామయ్య లేడు. నేను గొళ్ళెం వేసి, స్టూలు మీద కూర్చుని, మొదటి గడిలో మంచు అని రాశాను.

గంట తర్వాత రోడ్డు మీద చెప్పుల చప్పుడు వచ్చింది. ముందు కాళ్ళు కనబడ్డాయి, తర్వాత పంచె, ఆ తర్వాత మామయ్య.

"ఎక్కడినుంచి?" అన్నాను. అలవాటు చొప్పున వచ్చింది.

"ఎక్కడినుంచేమిటమ్మాయ్, గాలి ఎటు తిరిగిందో చూద్దామని అలా వెళ్ళాను." ఆయన తొట్టి దగ్గరికొచ్చి, ఒక కాలు ఎత్తి, నీళ్ళల్లో పెట్టాడు.

ఆయన చొక్కా కుడి చెయ్యి భుజం దాకా తడిసి, ఆరి, అట్ట కట్టింది. చలికాలం పొద్దున మనిషి చెయ్యి భుజం దాకా తడిసే పని పశువులు పెంచే ఇంట్లో ఒకటే. అడ్డం తిరిగిన దూడను లాగడం. మా కొట్టంలో ఈనే ఆవు లేదు.

నేను గొళ్ళెం మీద చెయ్యి వేశాను. తియ్యలేదు.

"ఎక్కడినుంచి మామయ్యా?"

ఆయన తొట్టిలో కాలు అలాగే ఉంచి నన్ను చూశాడు. తర్వాత తన చొక్కా చేతిని చూసుకున్నాడు.

"చెల్లెలి దగ్గర్నుంచి."

"దూడ?"

"బతికింది. పెయ్యదూడ."

"తల్లి?"

"నోరంతా పుళ్ళు. నిలబడలేకపోతోంది. దానికొక్కదానికి కాదు, ఆరింటికి." కాలవ వైపు తిరిగాడు. "అది ఒక్కతే ఉందమ్మా అక్కడ. రెండు చేతులు చాలవు."

గొళ్ళెం మీంచి చెయ్యి తియ్యలేదు. ఆస్పత్రి కిటికీ దగ్గర కూడా ఎవరేం చెప్పుకున్నా చీటీ వరసలోనే ఇచ్చేదాన్ని. గేటు ఆయనది, తొట్టి ఆయన పెట్టించినది. 'తియ్యి' అని ఒక్క మాట అంటే గొళ్ళెం తీసేదాన్నేమో. ఆ మాట ఆయన అనలేదు.

"డాక్టరమ్మ ఎన్ని రోజులంది?"

"వాటికి పూర్తిగా మానాక ఇరవై ఒక్క రోజులు."

"రాసుకో," అన్నాడు. తొట్టిలోంచి కాలు తీశాడు. "అటు ఎలాగూ అంటుకుంది గనుక అటే ఉంటాను. మీ అత్తయ్యతో చెప్పు. అరుస్తుంది. అరవనీ." నాలుగు అడుగులు వేశాడు. మంచు ఆయన్ని కాళ్ళదాకా తినేసింది. చెప్పుల చప్పుడు కాలవ వంతెన ఎక్కి దిగింది.

అత్తయ్య అరవలేదు. పితుకుతున్న ఆవు పొదుగు కింద చెయ్యి ఆపి, "దూడ బతికిందా?" అంది. "బతికింది" అన్నాను. మళ్ళీ పితకడం మొదలుపెట్టింది. "దుప్పటి తీసుకెళ్ళాడా?" అంది. లేదన్నాను. "మహానుభావుడు," అంది.

నాలుగు రోజులు గడిచాయి. ఐదో రోజు నేను క్యాన్లు కడుగుతుంటే కాలవగట్టు మీదనుంచి కేక వచ్చింది.

"అమ్మాయ్! పరదాలు తీసెయ్యండి!"

మనిషి కనబడలేదు. మంచు మాట్లాడినట్టే ఉంది.

"ఎందుకు మామయ్యా?"

"ఇక్కడ దాణా గోతాలు ఒక్కటి లేవు! ఏవంటే, కొట్టువాడు పట్టుకెళ్ళాడంది! రోగం బయటపడకముందు! మనకొచ్చినవి అవేనమ్మా!" తర్వాత కేక కాదు, మామూలు మాటే, నీళ్ళ మీదుగా వచ్చింది. "గాలిని ఆపుదామనుకున్నానే..."

నేనూ అత్తయ్యా మూతికి గుడ్డ కట్టుకుని పరదాలు దించాం. అత్తయ్య మధ్య గోతం దగ్గరికొచ్చి ఎర్ర దారం కుట్టు పట్టుకుని నిలబడింది.

"ఆ రోజే చూశాను," అంది. "అవతలావిడ కుట్టే. గొలుసుకుట్టు దానికి నేర్పింది నేనే, ఈ ఇంటికి కొత్తగా వచ్చినప్పుడు. ఆరేళ్ళయింది దాని చేతి పని చూసి. పారెయ్యబుద్ధి కాలేదు."

ఆ మూల తడిగా ఉంది. ఒంటికొమ్ము నాకిన చోటు అదే. 

నేను వెళ్ళి పుస్తకం తెచ్చి అత్తయ్యకు చూపించాను. దాణా కొట్టు బండి, బజారునుంచి, నా సంతకం. "గోతాలు ఎక్కడివో నేనడగలేదు అత్తయ్యా."

"అడిగితే చెబుతాయా ఏంటి అవి?" అంది. కానీ గొంతు వేరుగా ఉంది. గోతాలన్నీ గుంటలో వేసి తగలబెట్టాం. ఆ రోజే పుస్తకంలో ఐదో గడి గీశాను: వస్తువు.

రెండు రోజులకు ఒంటికొమ్ము మేత మానేసింది. పెదవినుంచి చొంగ తీగలా సాగి నేలను తాకింది. ముందు కాలు విదిలించింది. నేను దాన్ని మోటారు గదికి తోలుకెళ్ళాను. దాన్ని ముట్టుకున్నదాన్ని గనుక మిగతా పదిహేడింటి దగ్గరికి వెళ్ళకూడదు. ఇక ఇల్లు నాలుగు ముక్కలైంది. కొట్టంలో అత్తయ్య. మోటారు గదిలో నేను. కాలవ అవతల మామయ్య. రోడ్డు మీద మా ఆయన, అదీ దూరంనుంచే. మా పాలు కేంద్రం ఆపేసింది. డాక్టరమ్మ చెప్పినట్టు రోజూ గుంట తీసి, సున్నం వేసి అందులో పోశాం. గుంటలో తెలుపు, గుంట మీద తెలుపు. ఏది పాలో ఏది మంచో వంగి చూస్తేగాని తెలిసేది కాదు.

ఆ రోజుల్లో నాకు మనుషులు కనబడలేదు, వినబడ్డారు. పొద్దున హారను రెండుసార్లు. క్యాను మూత మీద గరిటెతో ఒక దెబ్బ అంటే అత్తయ్య లేచింది. రెండు దెబ్బలంటే మడుల మధ్య రాతి మీద అన్నం గిన్నె పెట్టి వెనక్కి వెళ్ళింది. నేను వెళ్ళి తెచ్చుకునేదాన్ని. సాయంత్రం కాలవ వైపునుంచి దగ్గు. మామయ్య కావాలనే దగ్గేవాడు. అత్తయ్య ఇవతలనుంచి ఒక దెబ్బ కొట్టేది. ఇంట్లో ఉన్నన్నాళ్ళు వాళ్ళిద్దరూ అంత మర్యాదగా మాట్లాడుకోగా నేను వినలేదు.

నేను ఒంటికొమ్ము నోరు పొటాషు నీళ్ళతో కడిగి, గ్లిసరిను పూసి, గంజి చల్లార్చి చేత్తో పట్టేదాన్ని. గిట్టలు కడిగి మందు రాసేదాన్ని. అది తల తెచ్చి నా ఒళ్ళో పెట్టేది. దాని ఊపిరి, నా ఊపిరి, తలుపు దగ్గర మంచు, మూడూ ఒకే పొగ. ఏ రోజు ఏదో తెలిసేది కాదు. వెంట తెచ్చుకున్న గేటు పుస్తకం చూసుకుని తెలుసుకునేదాన్ని. రెండో గడిలో 'ఎవరూ లేరు' అని రాసి సంతకం పెట్టేదాన్ని. రోజూ గరిటె మోతలో భయపడి వినేది ఒకటే. మూడు దెబ్బలు. ఇంకో ఆవు పడిందంటే మూడు దెబ్బలు కొడతానంది అత్తయ్య.

పద్నాలుగో రోజు ఒంటికొమ్ము నా చేతిలోని గిన్నె పడేసి, గుమ్మం పక్కనున్న పచ్చగడ్డి కొరికింది. నమిలింది. ఆ చప్పుడు నేను కదలకుండా విన్నాను.

మూడు దెబ్బలు రాలేదు. పదిహేడూ నిలబడ్డాయి. మొదటి టీకా ఆపిందని డాక్టరమ్మ అంది, సమయానికి విడదీశారని కూడా అంది. ఒంటికొమ్ముకు మాత్రం తర్వాత పాలు సగానికి పడిపోయాయి, ప్రతి ఎండాకాలం నోరు తెరుచుకుని ఒగర్చేది. అయినా చివరిదాకా మాతోనే ఉంది.

ఒంటికొమ్ముకు పూర్తిగా మానాక ఇరవై ఒకటో రోజు, మా దగ్గరా అవతలా లెక్క పూర్తయిందని డాక్టరమ్మ కబురు పెట్టాక, నేను తొట్టి కడిగి కొత్త నీళ్ళు నింపి గేటు దగ్గర కూర్చున్నాను. మొదటి గడిలో మంచు అని రాయబోయి తలెత్తి చూశాను. కాలవగట్టు కనబడింది. గట్టు మీద చెట్లు పదకొండు. అన్ని ఉన్నాయని నాకు తెలియదు.

అందరికంటే ముందు మా ఆయన నడిచొచ్చాడు, వ్యాను లేకుండా. గేటు ఇనుము మీద వేలితో రెండుసార్లు కొట్టాడు. నేను అనుకున్నంత పొడుగు లేడు. ఆ మాట చెబితే, "మంచులో చూసి మోసపోయావు," అన్నాడు.

కాసేపటికి వంతెన మీద ఇద్దరు కనబడ్డారు. మామయ్య, వెనక ఒకావిడ, చేతిలో మడిచిన దుప్పటి. మామయ్య వచ్చి తొట్టిలో రెండు కాళ్ళూ పెట్టి నిలబడ్డాడు. నేను గొళ్ళెం తీశాను. ఆయన కదల్లేదు.

"అడగవేం?"

"ఎక్కడినుంచి మామయ్యా?"

"ఇంటికి," అన్నాడు.

మూడో గడిలో అదే రాశాను. ఆవిడ తొట్టి దాకా వచ్చి ఆగింది. ఆవిణ్ణి అడిగాను. ఆవిడ అన్నగారివైపు తిరిగింది.

"ఈ పిల్ల ఎవర్నయినా ఇంతేనా?"

"నన్నే ఆపింది," అన్నాడు మామయ్య. ఆ మాట ఆ తర్వాత చాలా ఏళ్ళు, వచ్చినవాళ్ళందరికీ చెప్పాడు.

"అవతల్నుంచి," అంది ఆవిడ నాతో. తన పేరు ఈ ఇంట్లో ఏమైందో ఆవిడకు తెలుసు.

అత్తయ్య కొట్టంలోంచి వచ్చింది, చేతికి పాల నురగతో. "కాళ్ళు తడిపాక ఇంకా అవతలేమిటి? లోపలికి రా."

"నా గోతాలు తగలేశారటగా వదినా?"

"తగలేశాం. నీ కుట్టే, ఓ పట్టాన కాలదే."

ఇద్దరూ లోపలికి వెళ్ళారు. మామయ్య అక్కడే ఉన్నాడు. పరదాలు లేని కొట్టంలోకి పడమటి గాలి తిన్నగా వస్తోంది, ఆవులు ముట్టెలు అటు తిప్పాయి. ఆయన అటు చూడలేదు. వంగి తొట్టిలో వేలు పెట్టి, రెండు వేళ్ళ మధ్య జారుడు చూసుకున్నాడు.

"సోడా సరిపోలేదేమో చూడమ్మాయ్," అన్నాడు.